సీ3 తగ్గిందంటే భయపడకు, దోస్తూ

మనోహరాబాద్,
మెదక్ జిల్లా.



ముందు మంచి మాట చెప్తాను. నీ బాబు దవాఖాన నుంచి ఇంటికి వచ్చేశాడు. కళ్ళ కింద ఉబ్బు పూర్తిగా తగ్గింది. మూత్రం రంగు మామూలుగా వస్తోంది, బీపీ దారికి వచ్చింది. ఉప్పు వేయని పప్పు తినలేనని నానమ్మ దగ్గర పేచీ పెడుతున్నాడు. పేచీ పెట్టే ఓపిక వచ్చిందంటే కోలుకుంటున్నట్టే. బాబు తల్లి, నా చెల్లె, ఇప్పుడిప్పుడే రాత్రిపూట కంటినిండా నిద్రపోతోంది. నువ్వూ నిద్రపో.

నేను పంపిన రిపోర్టులో సీ3 అన్న అంకె పక్కన కిందికి చూపే బాణం గుర్తు చూసి నీ గుండె జారిపోయిందని చెల్లె చెప్పింది. దోహాలో మీ క్యాంపులో ఎవరో అది చూసి, పిల్లోడికి ఇమ్యూనిటీ పడిపోయిందని అన్నారట. ఇమ్యూనిటీ పెంచే పొడి డబ్బాలు రెండు కొన్నావట, ఎవరైనా ఊరికి వస్తుంటే పంపుతానన్నావట. ఫోన్లో చెబుదామంటే మాట మాటకీ తెగిపోతోంది. పైగా ఇది ఒక్కసారి విని వదిలేసే విషయం కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. జువాలజీ పాఠం చెప్పి బతికే మనిషిని, కొంచెం పొడుగ్గానే రాస్తాను. ఓపిగ్గా చదువు.

నీ ప్రశ్నకు జవాబు మొదటే చెప్పేస్తాను. వాడి రక్తంలో సీ3 ఖర్చయి తగ్గింది. ఒంట్లో తయారవక తగ్గింది కాదు. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. ఆ తేడా తెలిస్తే నీ భయం సగం పోతుంది.

వానాకాలం మొదట్లో వాడి కాళ్ళ మీద పుండ్లు లేచాయి, గుర్తుందా? దోమ కుట్టిన చోట గోకడం, అక్కడ చీము పట్టడం, మన ఊళ్ళలో పిల్లలందరికీ ఉండేదే. ఆ పుండ్లలో ఉండే బ్యాక్టీరియాల్లో స్ట్రెప్టోకాకస్ ఒకటి. వాడి ఒళ్ళు దానితో పోరాడి గెలిచింది, పుండ్లు మానిపోయాయి. కానీ ఆ క్రిమి వదిలిన కొన్ని ప్రొటీన్లు రక్తంలో కలిసి కిడ్నీలో చిక్కుకున్నాయి. ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల సన్నటి వడపోత గుత్తులుంటాయి. వాటిని గ్లోమెరులస్‌లు అంటారు. వాటి గోడల్లో ఆ శత్రువు ముక్కలు చిక్కితే, వాటి కోసమే తయారైన యాంటీబాడీలు వెళ్ళి పట్టుకున్నాయి. వాటి వెనకే సీ3 వెళ్ళింది. దాని వెనక తెల్ల రక్తకణాలు వెళ్ళాయి. పోరాటం వడపోత గుత్తి లోపలే జరిగింది కాబట్టి ఆ గుత్తి వాచింది. రక్తకణాలు మూత్రంలోకి జారి, మూత్రం నల్ల టీ రంగులోకి మారింది. నీరు, ఉప్పు బయటికి పోక మొఖం ఉబ్బింది, బీపీ పెరిగింది. గొంతులో వచ్చిన స్ట్రెప్ తర్వాతయితే ఒకటి నుంచి మూడు వారాల్లో, చర్మం మీది పుండ్ల తర్వాతయితే మూడు నుంచి ఆరు వారాల్లో ఈ జబ్బు బయటపడుతుంది. అందుకే పుండ్లు మానిన చాలా రోజులకు ఇలా అయ్యిందేమిటని మీ ఇంట్లో అందరూ బిత్తరపోయారు.

పిల్లల డాక్టరమ్మ సీ3 పరీక్ష రాసింది ఇది ఆ జబ్బేనా అని తేల్చుకోవడానికే. అంకె కిందికి వచ్చింది కాబట్టే ఆమెకు ధైర్యం వచ్చింది. నువ్వు చూసి భయపడిన బాణం గుర్తు ఆమెకు దారి చూపించింది.

ఇక అసలు ఈ సీ3 ఏమిటో చెబుతాను. మన రక్తంలో ముప్పైకి పైగా ప్రొటీన్లు కలిసి ఒక జట్టుగా పనిచేస్తాయి. దాన్నే కాంప్లిమెంట్ వ్యవస్థ అంటారు. వీటిలో ఎక్కువ భాగం కాలేయంలో తయారవుతాయి. క్రిమి ఏదీ లేని రోజున కూడా ఇవి రక్తంలో తిరుగుతూనే ఉంటాయి. వీటన్నిటిలో ఎక్కువగా ఉండేది సీ3. లీటరు ప్లాస్మాలో దాదాపు ఒక గ్రాము, ఒక్కోసారి అంతకన్నా కొంచెం ఎక్కువే ఉంటుంది.

ఈ జట్టును కదిలించే దారులు మూడున్నాయి. ఒకటి యాంటీబాడీల దారి. ఇంతకుముందు చూసిన క్రిమికో, టీకాలో పరిచయమైన క్రిమికో ఒళ్ళు యాంటీబాడీ తయారు చేసి ఉంటుంది. ఆ యాంటీబాడీ క్రిమిని పట్టుకోగానే దాని మీద సీ1 అనే ప్రొటీన్ వచ్చి వాలుతుంది. రెండోది చక్కెరల దారి. కొన్ని క్రిముల ఒంటి మీద మేనోజ్ లాంటి చక్కెరలు మన కణాల మీద ఉండని తీరులో అమరి ఉంటాయి. వాటిని గుర్తుపట్టే ప్రొటీన్ మన రక్తంలో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మూడో దారికి ఎవరి పిలుపూ అక్కర్లేదు. సీ3 తనంతట తానే కొద్దికొద్దిగా తెరుచుకుంటూ, ఎదురొచ్చిన పొరల మీద వాలి చూస్తూనే ఉంటుంది. ఆ క్రిమిని ఒళ్ళు ఇంతకుముందు ఎన్నడూ చూడకపోయినా సరే, మొదటి నిమిషం నుంచే ఈ దారి నడుస్తుంది.

మూడు దారులూ వచ్చి కలిసేది సీ3 దగ్గరే. అక్కడ సీ3 రెండు ముక్కలవుతుంది. చిన్న ముక్క సీ3ఎ విడిపోయి దూరం పోతుంది. పెద్ద ముక్క సీ3బి. దాని లోపల ముడుచుకుని ఉన్న ఒక బంధం అప్పుడే బయటపడుతుంది. ఆ బంధానికి ఆయుష్షు సెకనులో పదివేల వంతు కన్నా తక్కువ. ఆ లోపు పక్కనే ఏ పొర ఉంటే దానికి ఊడిరాకుండా అంటుకుంటుంది. లేదంటే నీటితో కలిసి పనికిరాకుండా పోతుంది. దూరం పోయి ఎక్కడో అమాయకుడి మీద పడే వ్యవధి దానికి లేదు. ఇలా అంటుకున్న ప్రతి సీ3బి, ఫ్యాక్టర్ బి అనే మరో ప్రొటీన్‌ను కలుపుకొని తానే ఒక కత్తెరగా మారి ఇంకా ఎన్నో సీ3లను కోస్తుంది. ఒకటి పదవుతుంది, పది వందవుతాయి. నిమిషాల్లోనే ఒక్క బ్యాక్టీరియా ఒంటి మీద లక్షల సీ3బి ముక్కలు పేరుకుంటాయి.

రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మన వైపు అధికార్లు వచ్చి, తీసేయాల్సిన గోడల మీద ఎర్ర రంగుతో గుర్తు వేసిపోవడం నువ్వు చూసిందే. గుర్తు వేసినవాళ్ళు గోడ కూల్చరు. గుర్తు పడ్డాక యంత్రం వస్తుంది, ఆ గుర్తు చూసుకునే పని చేస్తుంది. సీ3బి చేసేది కూడా ఆ గుర్తు వేసే పనే. మింగే తెల్ల రక్తకణాల ఒంటి మీద ఈ గుర్తును పట్టుకునే గ్రాహకాలుంటాయి. జారిపోయే బ్యాక్టీరియాను గుర్తు పడ్డాక అవి ఇట్టే పట్టి మింగేస్తాయి.

విడిపోయిన చిన్న ముక్కలు ఊరికే ఉండవు. సీ3ఎ, ఆ తర్వాత పుట్టే సీ5ఎ రక్తనాళాల గోడలను వదులు చేస్తాయి, తెల్ల రక్తకణాలను ఆ చోటికి పిలుస్తాయి. కాలికి ముల్లు గుచ్చుకుంటే ఎర్రబడి, వేడెక్కి, వాచి, చీము పట్టడంలో ఈ ముక్కల పాత్ర చాలా ఉంది. ఇక జట్టులో చివరన ఉన్న సీ5 నుంచి సీ9 దాకా కొన్ని ప్రొటీన్లు ఒకదాని పక్కన ఒకటి చేరి, బ్యాక్టీరియా పొరలో గుండ్రటి రంధ్రం చేస్తాయి. దాని వెడల్పు పది నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో లక్షో వంతు. అంత చిన్న చిల్లి చాలు, కొన్ని రకాల క్రిములు అక్కడికక్కడే పగిలి చస్తాయి.

ఈ సంగతి మనుషులకు ఎలా తెలిసిందన్నది నేను క్లాసులో ఇష్టంగా చెప్పే కథ. 1894లో జర్మనీలో రిచర్డ్ ఫైఫర్, కలరాకు రక్షణ పొందిన గినీ పందుల కడుపులోకి కలరా క్రిములను ఎక్కిస్తే అవి కరిగిపోవడం చూశాడు. మరుసటి ఏడాది పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో జూల్ బోర్డే అనే పాతికేళ్ళ బెల్జియం కుర్రాడు ఆ సంగతిని పట్టుకున్నాడు. క్రిములను చంపే సీరంను యాభై ఐదు డిగ్రీల దాకా వేడి చేస్తే దాని శక్తి పోయింది. అందులో కలరా ముఖమే ఎరుగని మామూలు జంతువు తాజా సీరం కాస్త కలిపితే పోయిన శక్తి తిరిగొచ్చింది. అంటే అక్కడ రెండు వేర్వేరు వస్తువులున్నాయి. ఒకటి అనుభవంతో పుట్టేది, వేడికి తట్టుకునేది, ఆ ఒక్క క్రిమి కోసమే తయారయ్యేది. అది యాంటీబాడీ. రెండోది మామూలు జంతువుల్లో కూడా పుట్టుకతో ఉండేది, వేడికి చెడిపోయేది. అదే కాంప్లిమెంట్. 1919 సంవత్సరపు నోబెల్ బహుమతి బోర్డేకు వచ్చింది. ఇప్పటికీ ప్రయోగశాలల్లో సీరంలోని కాంప్లిమెంట్‌ను పనిచేయకుండా చేయాలంటే యాభై ఆరు డిగ్రీల దగ్గర అరగంట ఉంచుతారు. ఆ పాతికేళ్ళ కుర్రాడు చూపిన దారే అది.

నేను చెప్పిన మూడో దారి వెనక ఒక విషాదం ఉంది. అమెరికాలో లూయిస్ పిల్లెమర్ అనే శాస్త్రవేత్త 1954లో, యాంటీబాడీ లేకుండానే కాంప్లిమెంట్ కదులుతుందని, ప్రోపర్డిన్ అనే ప్రొటీన్ అందుకు సాయం చేస్తుందని ప్రకటించాడు. తోటివాళ్ళు చాలామంది ఒప్పుకోలేదు. మీరు చూసింది యాంటీబాడీల పనేనన్నారు. ఆయన 1957లో పోయాడు. ఆ తర్వాత పది పదిహేనేళ్ళకు ఆయన చెప్పిందే నిజమని రుజువైంది. ఇప్పుడు ప్రపంచంలో ప్రతి వైద్య విద్యార్థీ ఆ దారి గురించి చదువుకుంటాడు. ఏ క్రిమినీ ఎరగని పసిపిల్లను యాంటీబాడీలు తయారయ్యేలోగా కాపాడే వాటిలో ఆ దారి ఒకటి. పిల్లెమర్ పేరు చెప్పకుండా నేను ఈ పాఠం ముగించను.

దోస్తూ, ఇక్కడ నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్న మాట ఒకటుంది. రోగనిరోధక శక్తి అంటే మనం కండబలం అనుకుంటాం. ఎంత ఎక్కువుంటే అంత మంచిదనుకుంటాం. కాంప్లిమెంట్‌ను చూస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది. అందులో అసలు విలువ రెండింటిది. శత్రువుకు సరిగ్గా గుర్తు వేయడం ఒకటి. మనవాళ్ళ మీద ఆ గుర్తు నిలవకుండా ఆపుకోవడం రెండోది.

గుర్తు వేయడం ఎంత ముఖ్యమో పుట్టుకతో ఈ ప్రొటీన్లు లేని పిల్లల్ని చూసి డాక్టర్లు తెలుసుకున్నారు. క్రిమి పొరకు చిల్లి పెట్టే సీ5 నుంచి సీ9 దాకా ఏదో ఒకటి లోపించినవాళ్ళు చాలా జబ్బుల్ని మామూలుగానే తట్టుకుంటారు. వాళ్ళకు పదేపదే జబ్బు వచ్చేది ముఖ్యంగా మెదడు పొరల వాపు తెచ్చే మెనింగోకాకస్, దాని బంధువులతోనే. అదే సీ3 లోపించిన పిల్లలైతే పసితనం నుంచే న్యుమోనియాలతో, చీము పట్టే జబ్బులతో మళ్ళీ మళ్ళీ మంచం పడతారు. చిల్లి పెట్టే పని ఆగిపోతే ఒక్క వైపు దెబ్బ తగులుతుంది. గుర్తు వేసే పని ఆగిపోతే చాలా వైపుల నుంచి తగులుతుంది. మన బాబు ఒంట్లో చేరిన స్ట్రెప్టోకాకస్‌కు మందమైన గోడ ఉంటుంది, ఆ చివరి చిల్లి దానికి పెద్దగా తగలదు. దాన్ని ఓడించింది గుర్తు వేయడం, మింగడం.

క్రిములకూ ఈ సంగతి తెలిసినట్టే ఉంటుంది. కాంప్లిమెంట్‌కు చాలా పాత వంశం ఉంది. సముద్రంలో బండలకు అతుక్కుని బతికే ఎనిమోన్లలో కూడా సీ3 లాంటి ప్రొటీన్ ఉంది. యాంటీబాడీలు దవడలున్న జంతువులు పుట్టాకే వచ్చాయి, సీ3 వంశం అంతకన్నా ఎంతో ముందుది. అన్ని కోట్ల ఏళ్ళుగా ఎదురుపడుతూ వచ్చిన క్రిములు తప్పించుకునే ఉపాయాలు కనిపెట్టాయి. స్ట్రెప్టోకాకస్ సీ5ఎను కోసిపారేసే ఎంజైమ్ ఒకటి తయారు చేసి తెల్ల రక్తకణాలకు పిలుపు అందకుండా చేస్తుంది. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ మందమైన చక్కెర కోటు తొడుక్కుని, కోటు లోపల పడ్డ గుర్తును మింగే కణాలకు అందనీయదు. స్టెఫిలోకాకస్ సీ3ని కోసే కత్తెరనే పట్టుకుని కదలనీయదు.

మన ఊరి నీళ్ళ జబ్బు టైఫాయిడ్ కూడా ఈ కథలోదే. దాని క్రిమి సాల్మొనెల్లా టైఫి ఒంటి మీద వీఐ అనే చక్కెర పొర ఉంటుంది. 1934లో ఫెలిక్స్, పిట్ అనే ఇద్దరు దాన్ని గుర్తించారు. ఆ పొర ఉన్నంతసేపు దాని ఒంటి మీద సీ3 సరిగ్గా పేరుకోదు. సీ5ఎ పిలుపు బలంగా పుట్టదు. అందుకే టైఫాయిడ్ క్రిమి పేగు దాటి రక్తంలోకి పెద్ద గొడవ లేకుండా జారుకోగలదు, జ్వరం ముదిరేదాకా చాలామందికి అనుమానం రాదు.

ఆ పొరనే గురిగా మార్చుకున్న టీకా మన పక్కనే తయారవుతోంది. శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీ తెలుసు కదా. అక్కడి భారత్ బయోటెక్, వీఐ చక్కెరను టెటనస్ ప్రొటీన్‌కు జతచేసి టైప్‌బార్ టీసీవీ అనే టీకా చేసింది. ఒట్టి చక్కెరతో చేసిన పాత టీకా రెండేళ్ళలోపు పిల్లల్లో సరిగ్గా పనిచేసేది కాదు. ప్రొటీన్‌తో జతకట్టాక ఆరు నెలల పసిపిల్ల ఒళ్ళు కూడా దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఆ టీకా వేయించుకున్న పిల్లల్లో వీఐ మీద యాంటీబాడీలు పుడతాయి. ఇంతకాలం కాంప్లిమెంట్‌ను తప్పించిన కోటు మీదే యాంటీబాడీ వాలుతుంది, దాని మీద సీ1 వాలుతుంది, సీ3 గుర్తు పడడానికి దారి తెరుచుకుంటుంది. 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ టీకాకు ప్రీక్వాలిఫికేషన్ ఇచ్చింది. నేపాల్‌లో దాదాపు ఇరవై వేల మంది పిల్లల మీద జరిపిన పరీక్షలో టైఫాయిడ్‌ను ఎనభై శాతానికి పైగా ఆపిందని 2019లో తేలింది. అదే ఏడాది పాకిస్తాన్ తన పిల్లల మామూలు టీకాల పట్టికలో టైఫాయిడ్ కాంజుగేట్ టీకాను చేర్చింది. అలా చేర్చిన మొదటి దేశం అదే. మనం దుమ్ము దారిలో బస్సెక్కి తిరిగిన ఊళ్ళ పక్కన చేసిన సీసా ఎక్కడెక్కడి పిల్లల్నో కాపాడుతోందంటే నాకు గర్వంగా ఉంటుంది. నీకూ ఉండాలి.

అంటే టీకా ఒంట్లోకి కొత్త బలాన్నేమీ పోయదు. ఉన్న జట్టుకు శత్రువును చూపిస్తుంది. ఒక్క పొడి డబ్బా కూడా ఈ పని చేయలేదు.

ఇక ఆపుకోవడం గురించి. సీ3బి ఎదురొచ్చిన ఏ పొరకైనా అంటుకోగలదని చెప్పాను కదా. మరి మన కణాలు ఎలా బతుకుతున్నాయి? ఫ్యాక్టర్ హెచ్ అనే ప్రొటీన్ రక్తంలో తిరుగుతూ, మన కణాల మీదుండే సయాలిక్ యాసిడ్ లాంటి గుర్తులను పట్టుకుంటుంది. అక్కడ పడిన సీ3బిని నిర్వీర్యం చేసే పని మొదలుపెడుతుంది. మన కణాల పొరల్లో కూడా ఇలాంటి కాపలా ప్రొటీన్లు కొన్ని నాటుకుని ఉంటాయి. శత్రువు ఒంటి మీద ఈ కాపలా ఉండదు కాబట్టి అక్కడ గుర్తులు పేరుకుంటాయి. మన ఒంటి మీద పడ్డవి వెంటనే చెరిగిపోతాయి.

ఈ ఆపుకునే శక్తి కొంచెం తడబడితే ఏమవుతుందో మన హైదరాబాద్‌లోనే చూశారు. వయసు పైబడినవాళ్ళ కంటి తెర మధ్యభాగం దెబ్బతినే జబ్బు ఒకటుంది, మాక్యులర్ డీజెనరేషన్. ఫ్యాక్టర్ హెచ్ జన్యువులో ఒక్క అక్షరం మార్పు ఆ జబ్బు ముప్పు పెంచుతుందని 2005లో అమెరికాలో బయటపడింది. మరుసటి ఏడాదే ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు మన దేశపు రోగుల్లోనూ అదే మార్పుకు అదే సంబంధం ఉందని చూపించారు. అలాగే కొందరు పిల్లల్లో ఒళ్ళు పొరపాటున ఫ్యాక్టర్ హెచ్ మీదే యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. అప్పుడు కాంప్లిమెంట్‌కు పగ్గం తెగి, కిడ్నీల్లోని సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి. ఈ రకం కిడ్నీ జబ్బు మన దేశపు పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుందని ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు ఏళ్ళ తరబడి పరిశీలించి చెప్పారు. వాళ్ళకు కావలసింది కాంప్లిమెంట్‌ను తగ్గించే వైద్యం. 2007లో వచ్చిన ఎక్యులిజుమాబ్ అనే మందు సీ5ను ఆపుతుంది. ఆ మందు తీసుకునేవాళ్ళకు ముందుగా మెనింగోకాకస్ టీకా వేయిస్తారు. ఎందుకో నీకిప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

బాబు కిడ్నీల్లో జరిగింది అంత పెద్ద తడబాటు కాదు. శత్రువు ముక్కలు చిక్కకూడని చోట చిక్కాయి, పోరాటం అక్కడికే నడిచింది. ముక్కలు తొలగిపోగానే పోరాటం చల్లారింది. పిల్లల్లో ఈ జబ్బు చాలావరకు మచ్చ మిగలకుండా తగ్గిపోతుంది. కాలేయం రోజూ కొత్త సీ3ని చేస్తూనే ఉంది కాబట్టి సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఆ అంకె మామూలుకు వస్తుంది. దాన్ని పెంచడానికి తినాల్సింది ఏమీ లేదు. అన్నం, పప్పు, గుడ్డు చాలు. ప్రస్తుతానికి ఉప్పు తక్కువ.

అందుకే పొడి డబ్బాలు పంపకు. వాటిలో ఏమేమి కలుస్తాయో, కోలుకుంటున్న కిడ్నీ మీద ఏ బరువు పడుతుందో మనకు తెలియదు. డాక్టర్ రాయని ఏ పొడీ, ఏ కషాయమూ ఆ పిల్లోడి నోట్లో పోయొద్దని చెల్లెకు గట్టిగా చెప్పాను. నువ్వూ చెప్పు, నీ మాటకు బరువెక్కువ. దుకాణాల్లో ఇమ్యూనిటీ పెంచుతామని రాసిన డబ్బాలు చూసినప్పుడల్లా నాకు కష్టమేస్తుంది. ఎండలో పనిచేసి సంపాదించిన డబ్బు తండ్రులు అలా పోస్తున్నారు. ఆ డబ్బుకు చేయదగ్గ పనులు ఇక్కడ చాలా ఉన్నాయి.

ఎనిమిది వారాలు నిండాక సీ3 మళ్ళీ చూపించాలి. ఇది మర్చిపోకూడదు. బాగున్నాడు కదా అని చాలామంది ఆ పరీక్ష మానేస్తారు. అప్పటికీ అంకె పెరగకపోతే ఇది వేరే జబ్బేమో, పగ్గం తెగిన రకమేమో అని డాక్టర్లు చూడాలి, అవసరమైతే కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. పెరిగితే ఆ దిగులు తీరిపోతుంది. మూత్రం పరీక్ష, బీపీ చూపించడం కొన్నాళ్ళు సాగాలి. మూత్రంలో కంటికి కనిపించని రక్తకణాలు కొన్ని నెలలపాటు పోతుండవచ్చు, అందుకు కంగారు పడొద్దు.

ఇంట్లో ఎవరికి పుండ్లు లేచినా సబ్బు నీళ్ళతో కడిగి, కప్పి, చీము ఉంటే రెండో రోజే దవాఖానకు పోవాలి. గజ్జి ఉంటే ఒక్కడికి మందు రాస్తే సరిపోదు, ఇంట్లో అందరూ ఒకేసారి రాసుకోవాలి. మీ చిన్నదానికి టైఫాయిడ్ టీకా వేయించారో లేదో చెల్లెను అడిగాను, టీకాల కార్డు వెతుకుతోంది. వేయించకపోయి ఉంటే డాక్టరమ్మను అడిగి నేనే తీసుకుపోతాను. మీ ఇంటి మీది నీళ్ళ ట్యాంకు కూడా కడిగించాలి. దాని ఖర్చు నీ పొడి డబ్బాల ఖర్చుకన్నా తక్కువే అవుతుంది.

ఊరి సంగతులు కొన్ని. కల్లాకల్ వైపు ఫ్యాక్టరీలకు పోయేవాళ్ళు ఇంకా పెరిగారు, పొద్దున రోడ్డు దాటాలంటే ఆగాల్సిందే. మన స్టేషన్ నుంచి గజ్వేల్ మీదుగా సిద్దిపేట దాకా రైలు పోతోంది, నువ్వు పోయేనాటికి అది ఇంకా మాటల్లోనే ఉంది. మీ అమ్మ ఆరోగ్యం బాగుంది. మోకాళ్ళ నొప్పి ఉన్నా బాబు మంచం పక్కనుంచి లేవలేదు.

చివరగా నీకొక పని అప్పగిస్తున్నాను. దూరంగా ఉన్నాను, ఏమీ చేయలేకపోతున్నాను అని చెల్లె దగ్గర ఏడ్చావట. నువ్వు చేయగలిగింది ఒకటుంది, అది నిజంగా అవసరం. ఈ జబ్బులో ఉబ్బు ముందు కళ్ళ చుట్టూ, అదీ పొద్దున లేవగానే కనిపిస్తుంది. రోజూ పక్కనే ఉండి చూసేవాళ్ళకు కొంచెం కొంచెంగా వచ్చే మార్పు తెలియదు. నువ్వు దోహాలో డ్యూటీ బస్సు కోసం నాలుగున్నరకు లేస్తావు కదా, అప్పుడు ఇక్కడ ఏడవుతుంది, వాడు స్కూలుకు తయారవుతుంటాడు. రోజూ ఆ వేళకు రెండు నిమిషాలు వీడియో కాల్ చెయ్యి. మొఖం వెలుతురులోకి తిప్పమను, కళ్ళ కింద చూడు, మూత్రం ఏ రంగులో పోతోందో అడుగు. ఏ కాస్త అనుమానం వచ్చినా చెల్లెకు కాకుండా నాకు ఫోన్ చెయ్యి, ఆమె కంగారు పడుతుంది. గంటలో బండి మీద దవాఖానకు తీసుకుపోతాను. సీ3 పరీక్ష రోజున రిపోర్టు రాగానే ఫోటో పంపుతాను. ఆ బాణం గుర్తు ఎటు చూపినా దాని అర్థమేమిటో ఈసారి నువ్వే మీ క్యాంపులో వాళ్ళకు చెప్పగలవు.

ఒళ్ళు జాగ్రత్త. నీళ్ళు బాగా తాగు.

నీ దోస్తు